ఎడారిలో మా అత్త పార్లర్

పళ్ళ మధ్య దారం ఉన్నంతసేపే మా మేనత్త నోరు ఊరుకుంటుంది. కనుబొమ్మలు తీయాలంటే దారం ఒక కొస పళ్ళతో బిగించి పట్టుకోవాలి కదా, అందుకని. మాట మొదలైతే దారం జారిపోతుంది, దారం జారితే పని ఆగిపోతుంది. అత్త పార్లర్‌కి వచ్చేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. తొందర పనున్నవాళ్ళెవరూ కుర్చీలో కూర్చున్నాక నోరు విప్పరు. నమస్కారం కూడా తలతోనే పెడతారు.

నేను విప్పాను. తప్పు నాదే, ముందే ఒప్పుకుంటున్నాను.

అప్పటికి పదీ అయిదు. నా ఎడమ కనుబొమ్మ అయిపోయింది. ఎంత బాగా కుదిరిందంటే, అద్దంలో ఆ సగం మొహం చూసి నేనే 'ఎవరీ అమ్మాయి, ఏదో పెద్ద ఉద్యోగం చేస్తున్నట్టుందే' అనుకున్నాను. కుడి కనుబొమ్మ మాత్రం గొంగళిపురుగు పడుకున్నట్టు ఎప్పటిలాగే ఉంది. పదకొండింటికి నాకు ఇంటర్వ్యూ. జూలో కొత్తగా ఎడారి జంతువుల విభాగం తెరుస్తున్నారు. అంత ఎండలో, నీళ్ళు లేనిచోట అవి ఎలా బతుకుతాయో చూడ్డానికొచ్చినవాళ్ళకి చెప్పే మనిషి కావాలి. ఉన్నది ఒక్క ఉద్యోగం. అప్లికేషన్‌లో 'డిగ్రీ' అన్నచోట గీత గీసి, 'ఇతర అర్హతలు' అన్నచోట 'సొంతంగా చదివాను' అని రాసి పంపాను. పిలుస్తారనుకోలేదు. పిలిచారు. అప్పట్నుంచీ నాకు తిండి సయించడం లేదు.

జూ గేటు అత్త పార్లర్ నుంచి నడిస్తే పది నిమిషాలు.

పార్లర్ అంటే అత్త ఇంటి ముందుగది. రెండు కుర్చీలు, ఓ బెంచీ, గోడ నిండా అద్దం. రెండో కుర్చీలో టీచరమ్మ ఫేస్ ప్యాక్ వేసుకుని వెనక్కి వాలి ఉంది. ప్యాక్ ఆరేదాకా మొహం కదపకూడదు కాబట్టి ఆవిడ భాషంతా 'ఊఁ' ఒక్కటే. బెంచీ మీద పక్కింటి టైలరమ్మ జుట్టుకి రంగు పట్టించుకుని, భుజాల మీద పాత తువ్వాలు కప్పుకుని కూర్చుంది. నేనేమో రెండు చేతులతో కుడి కంటి చుట్టూ చర్మాన్ని లాగి పట్టుకుని ఉన్నాను. అలా బిగువుగా పట్టుకోకపోతే దారం చర్మాన్ని కొరికేస్తుంది.

సరిగ్గా అప్పుడు టైలరమ్మ, "ఇంతకీ ఏ ఉద్యోగమమ్మా?" అంది.

"ఎడారి జంతువుల గురించి చెప్పే ఉద్యోగం పిన్నీ," అన్నాను.

అత్త పళ్ళలోంచి దారం జారిపోయింది.

"ఎడారా?" అంది అత్త. "ఎడారి గురించి ఇంటర్వ్యూకి వెళ్తూ నన్నొక్క మాట అడగలేదేమే? అడగరు. ఇంట్లో ఉన్న మనిషికి విలువుండదు. వదినా, మీకు తెలుసో లేదో, నేను ఆర్నెల్లు ఎడారిలో పార్లర్ నడిపాను."

మా నాన్న లెక్క ప్రకారం నాలుగు రోజులు. ఎవరో పెళ్ళికూతురికి మేకప్ చేయడానికి వెళ్ళింది. ఆ నాలుగులో రెండు రోజులు రైల్లోనే గడిచాయి. కానీ ఆ మాట నేను అనలేదు. పోయిన నెల ఒకావిడ ఇలాగే మధ్యలో 'అంతొద్దులేండి' అంటే, అత్త దారం చుట్టేసి ఆవిడని పై పెదవి మీది నూగు సగమే తీసి పంపించేసింది. పాపం ఆవిడ వారం రోజులు జలుబు చేసినట్టు రుమాలు అడ్డం పెట్టుకుని తిరిగింది.

"ఆర్నెల్లా? అంత వేడిలో ఎలా ఉన్నావు వదినా?" అంది టైలరమ్మ.

"వేడా? వేడంటే మీరేమనుకుంటున్నారు? ఇక్కడ వ్యాక్స్ కరగాలంటే స్టవ్ మీద పెట్టి కలుపుతూ కూర్చోవాలా, అక్కడ డబ్బా కిటికీలో పెట్టి అటు తిరిగి ఇటు తిరిగేసరికి కుతకుత ఉడికేది. ఒకరోజు ప్లాస్టిక్ దువ్వెన కిటికీలో మర్చిపోయాను. సాయంత్రం చూస్తే గరిటె అయిపోయింది. ఆ గరిటెతోనే మిగతా అయిదు నెలలూ వంట చేసుకున్నాను, పారేయడమెందుకని. సరే, అదలా ఉంచండి. పార్లర్ తెరిచాను, బోర్డు పెట్టాను, మొదటి వారం పురుగు కూడా రాలేదు. ఎనిమిదో రోజున కిటికీలోంచి ఎవరో తొంగి చూస్తున్నారు. 'రండమ్మా' అన్నాను. ఎవరనుకున్నారు?"

"ఎవరూ?"

"ఒంటె! ఇంత తల లోపల పెట్టింది. కళ్ళు రెండూ ఎర్రగా చింతనిప్పులు. ఇసుక పడి పడి పుళ్ళయిపోయాయి పాపం. నాకు ప్రాణం ఉసూరుమంది. దాని కళ్ళు పరీక్షగా చూస్తే ఏముంది, మనకి లాగే ఒక్క వరస వెంట్రుకలు, అవీ పల్చగా. ఇసుక గాలికి ఒక్క వరస ఏమాగుతుంది? 'కూర్చోవే తల్లీ' అని కూర్చోబెట్టి, జిగురు కలిపి, నా సొంత జడలోంచి కత్తిరించిన వెంట్రుకలు ఒక్కొక్కటే పట్టకారుతో అంటించి, రెండో వరస పెట్టాను. మధ్యాహ్నమంతా పట్టింది. అద్దం చూపిస్తే అది ఏడ్చేసింది వదినా. ఇప్పుడు మీరు ప్రపంచంలో ఏ ఒంటెనైనా చూడండి, కంటికి రెండు వరసలు. ఎవరి చలవ?"

"ఊఁ!" అంది టీచరమ్మ, మెచ్చుకోలుగా.

ఒంటెకి రెండు వరసల కనురెప్ప వెంట్రుకలుంటాయన్న మాట నిజం. అవి వచ్చేసరికి ఎన్ని లక్షల ఏళ్ళు పట్టిందో. అత్తకి ఒక మధ్యాహ్నం పట్టింది. గోడ మీద గడియారం పదీ పన్నెండు చూపిస్తోంది. నేను మెల్లగా, "అత్తా, కనుబొమ్మ," అన్నాను.

"ఆ, ఆ, వస్తున్నా. కళ్ళు బాగుపడ్డాయి గానీ, ముక్కు మిగిలిపోయిందిగా! ముక్కు రంధ్రాలు రెండూ తలుపుల్లేని ఇల్లులా బార్లా తెరుచుకుని ఉన్నాయి. 'ఇలా అయితే కుదరదు, రోజూ పొద్దున లేవగానే వందసార్లు ముక్కు ముయ్యి, తెరువు' అని దానికి వ్యాయామం నేర్పాను. మొదట్లో చేతకాక తుమ్మేది. ఒంటె తుమ్మితే ఎలా ఉంటుందో తెలుసా? నా బోర్డు ఎగిరి వీధి చివర పడింది. నెల తిరిగేసరికి చూడాలి, ఇసుక గాలి వచ్చిందంటే టక్కున మూసేసేది, సంచికి జిప్పు వేసినట్టు."

"జిప్పంటే గుర్తొచ్చింది, నీ జాకెట్టు కుట్టి రెండు రోజులైంది," అంది టైలరమ్మ. "సరే చెప్పు, చెప్పు."

"ఆ ఒంటె ఊరుకుంటుందా, నలుగురికీ చెప్పింది. తర్వాత వచ్చిందెవరో తెలుసా? నక్క. మన నక్కలాంటిది కాదు, పిల్లి కన్నా చిన్నది, అరచేతిలో పడుతుంది. 'అక్కా, ఈ వేడికి ఒళ్ళు మండిపోతోంది, ఏదైనా చెయ్యి' అంది. చూస్తే చెవులు ఇంతింతే, మన పాపాయి చెవుల్లా. వేడి బయటికి పోవాలంటే చెవులు వెడల్పుండాలని నాకు ఎలా తట్టిందో గానీ తట్టింది. వెంటనే బరువైన లోలాకులు తగిలించాను. వారానికో జత బరువు పెంచుకుంటూ పోయాను. చెవులు సాగాయి, సాగాయి, అరిటాకులంత అయ్యాయి. ఇక చూస్కోండి, కూర్చున్నచోటే చెవులతో విసురుకునేది. ఒకసారి ఊరికే విసురుకోవడమెందుకని నా పార్లర్లో పైకప్పుకి కట్టుకున్నాను. ఫ్యాను ఖర్చు లేదు."

"నక్కనా?"

"కాళ్ళు కట్టి కాదు వదినా, ఉయ్యాల వేసి, మెత్తటి గుడ్డ పరిచి. నేనేమన్నా రాక్షసినా? దానికి అరికాళ్ళలో వెంట్రుకలుంటే వ్యాక్సింగ్ చేయమంది. 'వద్దే పిచ్చిదానా, ఆ వెంట్రుకలే నీకు చెప్పులు, కాలే ఇసుకలో అవే కాపాడతాయి' అని పంపేశాను. నా జీవితంలో వ్యాక్సింగ్ వద్దని చెప్పి పంపిన కస్టమరు అదొక్కటే."

ఇక్కడే నాకు కొంచెం చిత్రంగా అనిపించింది. ఆ చిన్న నక్కకి పెద్ద చెవులుండటం, వాటిలోంచి ఒంట్లో వేడి బయటికి పోవడం, అరికాళ్ళ వెంట్రుకలు, అన్నీ నిజాలే. వినీ వినీ నా దగ్గరే పట్టుకుని ఉంటుంది, మూడు నెలలుగా అదే పైకి చదువుతున్నాను కదా. నేను చదివింది అత్త నోట్లో పడి లోలాకులు పెట్టుకుని బయటికొస్తోంది. పదీ పంతొమ్మిది.

"తర్వాత?" అన్నాను.

అవును, నేనే అన్నాను. ఎందుకన్నానో అప్పుడు ఆలోచించలేదు.

"తర్వాతా? తర్వాత నా వల్ల ఒక తప్పు జరిగింది," అని అత్త కుర్చీ చేతి మీద కూర్చుంది. అత్త కూర్చుందంటే కథ పెద్దదని అర్థం. "చెప్పుకోవడానికి సిగ్గే, అయినా మీరు బయటివాళ్ళు కాదు. వ్యాక్స్ గిన్నె చేయి జారి గుమ్మంలో ఒలికింది. అదే సమయానికి ఒక బల్లి వచ్చింది, అడుగు పెట్టింది, చురుక్కుమంది. ముందు కాలొకటీ వెనక కాలొకటీ పైకెత్తింది. మళ్ళీ అవి దించి మిగతా రెండూ ఎత్తింది. ఇవి దించి అవి, అవి దించి ఇవి. అలా ఎగురుతూనే ఇంటికెళ్ళింది. దాన్ని చూసి దాని పిల్లలు నేర్చుకున్నాయి, వాళ్ళ పిల్లలు నేర్చుకున్నాయి. ఇప్పటికీ ఆ వంశం మొత్తం ఇసుక మీద అలాగే కాళ్ళెత్తి నిలబడుతుంది. చూసినవాళ్ళు ఎండకి అనుకుంటారు. కాదు, నా వ్యాక్స్ జ్ఞాపకం."

టైలరమ్మ పొట్ట పట్టుకుంది. టీచరమ్మ ముక్కులోంచి ఏదో శబ్దం వచ్చింది, కానీ మొహం మాత్రం గోడలా ఉంది.

"ఆ పాపం కడుక్కుందామని," అంది అత్త, "ఇంకో బల్లికి ఉచితంగా పెడిక్యూర్ చేశాను. ఇది వేరే జాతి, ఒళ్ళంతా ముళ్ళు, ముట్టుకుంటే గుచ్చుకుంటుంది. టబ్బులో నీళ్ళు పోసి, కాళ్ళు పెట్టుకోమని చెప్పి, అటు తిరిగి తువ్వాలు తీసుకున్నాను. ఇటు తిరిగేసరికి టబ్బులో చుక్క నీళ్ళు లేవు. మళ్ళీ పోశాను. మళ్ళీ లేవు. ఏమైందా అని చూస్తే, ఆ బల్లి నోరు చప్పరిస్తోంది. కాళ్ళతో తాగేసింది వదినా! కాళ్ళు నీళ్ళలో పెడితే చాలు, ఆ నీళ్ళు కాళ్ళ మీదుగా, ఒంటి మీదుగా పాక్కుంటూ పోయి నోట్లో పడుతున్నాయి."

టైలరమ్మ నవ్వు ఆపేసింది. చెయ్యి అడ్డంగా ఊపింది. "ఇదిగో, ఒంటెకి వెంట్రుకలంటించావంటే విన్నాను. నక్కని ఫ్యాను చేశావంటే విన్నాను. కాళ్ళతో నీళ్ళు తాగడమేంటి వదినా? కోతలకైనా ఒక హద్దుండక్కర్లేదూ?"

"ఊఁహూఁ," అంది టీచరమ్మ కూడా, ఖండితంగా.

అత్త మొహం వాడిపోయింది. దారం చుట్టేయబోతోంది. నాకు సగం పై పెదవి ఆవిడ గుర్తొచ్చింది.

"అది నిజమే," అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు. అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది అత్తే. "నిజమా?" అంది.

"నిజమే అత్తా. ముళ్ళ బల్లి ఉంది. దాని చర్మం మీద పొలుసుల మధ్య సన్నటి కాలవలుంటాయి, వెంట్రుకంత సన్నటివి. తడి నేల మీద నిలబడితే చాలు, నీళ్ళు వాటంతటవే ఆ కాలవల్లో పైకి పాకుతాయి. దీపంలో వత్తి నూనె పీల్చినట్టు. అవన్నీ నోటి మూలల దగ్గరకి చేరతాయి. అది నోరు ఆడిస్తుంటే లోపలికి పోతాయి. పొద్దున మంచు పడినా అంతే, ఒంటి మీద పడ్డ బొట్టు బొట్టూ నోటికే వెళ్తుంది. అది నీళ్ళ కోసం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, తడి ఎక్కడుంటే అక్కడ నిలబడితే చాలు."

కన్ను లాగి పట్టుకునే చెప్పాను, రెండు చేతులూ మొహం మీదే ఉన్నాయి. కానీ టైలరమ్మ బెంచీ చివరికి జరిగి కూర్చుంది. "నిజంగానా? ఒళ్ళంతా కాలవలే?" అని తన ముంజేయి తిప్పి చూసుకుంది. టీచరమ్మ 'ఊఁ?' అని సాగదీసింది, ఇంకా చెప్పమన్నట్టు.

నాకు చెప్పాలనే ఉంది. ఇసుక దిబ్బ మీద తలకిందులుగా నిలబడి వీపు మీద పడ్డ పొగమంచు తాగే పురుగు గురించి, జన్మలో నీళ్ళు ముట్టని ఎలుక గురించి. కానీ అత్త ఊరుకోలేదు. తను నడిపే పార్లర్లో ఇంకొకరు మాట్లాడితే అందరూ వింటున్నారు, అది ఆమెకి కొత్త.

"చూశారా!" అంది లేచి నిలబడి. "పుస్తకాల్లో కూడా ఎక్కింది! నా టబ్బు గురించి రాసి ఉండరు, అంతే. రాస్తారా? రాయరు. సరే, ఆ తర్వాత ఏమైందో విను..."

అక్కడ్నుంచి ఇక పగ్గాల్లేవు. ఒక్క నిజం చేతికి దొరికితే మనిషికి అంత బలమొస్తుందని నాకు తెలియదు.

"ఒక కప్ప వచ్చింది. 'అమ్మా, ఈ ఎండకి చర్మం ఎండి పగిలిపోతోంది' అంది. ఫేస్ ప్యాక్ వేశాను. మొహానికి చాలదంటే ఒంటి నిండా వేశాను. 'వాన పడేదాకా కడగొద్దు, ఇసుకలో గొయ్యి తీసుకుని పడుకో' అన్నాను. నాకేం తెలుసు, అక్కడ వాన రెండేళ్ళకోసారి! రెండేళ్ళూ ఆ ప్యాక్‌తో భూమిలోనే పడుకుంది. లేచి వచ్చి కడుక్కుంటే, ఏం నిగారింపు వదినా, వెన్న ముద్ద!"

ఆర్నెల్ల పార్లర్లో రెండేళ్ళ నిద్ర ఎలా ఇమిడిందో నేను అడగలేదు.

"ఊఁ?" అంది టీచరమ్మ. ఆ 'ఊఁ' లో భయముంది. తన ప్యాక్ ఎప్పుడు కడుగుతావన్నట్టు.

"మీది వానదాకా కాదులెండి, పావుగంటే."

"నా రంగు?" అంది టైలరమ్మ. "అరగంటన్నావు, దాటిపోయింది."

"ఎక్కువసేపుంటే ఎక్కువ నలుపు, మంచిదేగా. మధ్యలో ఆపకండి. కప్ప సంగతి నలుగురికీ తెలిసేసరికి, ఇక నా గుమ్మం ముందు వరస! పాములు, తేళ్ళు, తాబేళ్ళు, అందరికీ టోకెన్లు ఇచ్చాను. పాముకి పాత చర్మం వలిచి ఇవ్వడం, తేలుకి గోళ్ళు తీర్చడం, తాబేలుకి డిప్ప పాలిష్. తాబేలు టోకెన్ మొదటిదే, కానీ కుర్చీ దాకా వచ్చేసరికి మూడో నెల. వీళ్ళందర్నీ చూసి ఇసుక దిబ్బ ఊరుకుంటుందా? అదీ వచ్చింది!"

"ఇసుక దిబ్బా?"

"నడిచే వచ్చింది. అవి నడుస్తాయి, దాన్నడగండి, పుస్తకంలో ఉంటుంది," అని నన్ను చూపించింది. "వచ్చి 'నాకు జుట్టు సెట్టింగు చెయ్యి' అంది. పెద్ద పళ్ళ దువ్వెన తీసుకుని, మెట్టు మెట్టుగా అలలు పెట్టాను. ఆ కొస నుంచి ఈ కొసకి నలభై రోజులు దువ్వాను. ఇప్పటికీ ఎడారి ఫోటో ఏదైనా తీసి చూడండి, ఇసుక మీద వరసగా అలలుంటాయా లేదా? ఆ దువ్వెన గీతలు నావే. గాలి చెరిపేస్తుంది, మళ్ళీ అదే ఆకారం వస్తుంది. సెట్టింగంటే అలా ఉండాలి."

టైలరమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. ముళ్ళ బల్లి ఒక ఖండంలోది, చెవుల నక్క ఇంకో ఖండంలోది, మధ్యలో సముద్రాలున్నాయి, ఆ రెంటినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టింది అత్త. గడియారం చూశాను. పదీ ముప్పై అయిదు. వేళ్ళు మొద్దుబారిపోయాయి.

"తర్వాత?" అంది ఎవరో.

ఆ గొంతు నాదే. మళ్ళీ.

అప్పుడు తెలిసింది నాకు. ఆ అరగంటలో నేను 'కనుబొమ్మ' అని గుర్తుచేసింది ఒక్కసారి. 'తర్వాత' అన్నది రెండుసార్లు. కథ సాగుతున్నంతసేపూ నేను ఇక్కడే కూర్చోవచ్చు. ఒక కనుబొమ్మతో ఎవరైనా ఇంటర్వ్యూకి వెళ్తారా? వెళ్ళరు. ఆలస్యమైతే తప్పెవరిది? అత్తది. 'మా అత్త వాగుడు వల్ల పోయింది' అని ఏళ్ళతరబడి చెప్పుకోవచ్చు. డిగ్రీ అన్నచోట గీత ఎందుకు గీశావని అడిగే ముగ్గురు మనుషుల ఎదురుగా కూర్చోవడం కన్నా అది ఎంతో సుఖం. నేను అత్త కోతలు వినడం లేదు, వాటి వెనకాల దాక్కుంటున్నాను.

అత్త అప్పటికి పతాక సన్నివేశానికి వచ్చేసింది. రెండు చేతులూ పైకి లేచాయి, కుడి చేతి వేలికి దారం వేలాడుతోంది.

"ఇన్ని చేశాక, చివరికి ఒంటెల పెద్ద దగ్గర్నుంచి కబురొచ్చింది. దాని కూతురి పెళ్ళి. మగపెళ్ళివారి వైపు వెయ్యి ఒంటెలు, ఆడపెళ్ళివారి వైపు వెయ్యి. పెళ్ళంటే కనుబొమ్మలు తీర్చుకోకుండా ఎవరైనా వస్తారా? రెండు వేల ఒంటెలూ వరసగా కూర్చున్నాయి. నా దగ్గరున్నది ఒకటే దారపు ఉండ. పళ్ళ మధ్య పెట్టాను. మొదటి ఒంటె, ఎడమ కన్ను, సర్రుమని. కుడి కన్ను, సర్రుమని. రెండోది. మూడోది. పొద్దున్నే మొదలుపెట్టి, మధ్యాహ్నం భోజనాలకి గంట కొట్టేసరికి రెండు వేల ఒంటెలకి నాలుగు వేల కనుబొమ్మలు! ఒక్క వెంట్రుక అటూ ఇటూ లేదు. ఒక్క ఒంటె 'అబ్బా' అనలేదు. ఒక్కదానికి చర్మం కందలేదు! ఇరవై ఏళ్ళ అనుభవముందని చెప్పుకునేవాళ్ళని రమ్మనండి, చేసి చూపించమనండి!"

"అత్తా," అన్నాను.

"ఏమే?"

"మరి రెప్పలు ఎవరు లాగి పట్టుకున్నారు?"



టైలరమ్మ ముందు నా చేతుల వంక చూసింది. కంటి చుట్టూ చర్మాన్ని లాగి పట్టుకుని అరగంట నుంచి అలాగే ఉన్న నా పది వేళ్ళ వంక. తర్వాత తన చెయ్యి పైకెత్తింది. వేళ్ళు ముడిచి పిడికిలి బిగించి, ఒంటె కాలు చేసి, తన కంటి దగ్గరకి తీసుకెళ్ళి రెప్ప పట్టుకోడానికి ప్రయత్నించింది. పిడికిలి జారిపోయింది. ఇంకోసారి ప్రయత్నించింది. మళ్ళీ జారింది.

ముందు పేలింది టీచరమ్మ. నుదుటి దగ్గర ఒక పగులు, అక్కడ్నుంచి ముక్కు పక్కగా గడ్డం దాకా, ఆ తర్వాత మొహమంతా ఒకేసారి. పెచ్చులు పెచ్చులుగా రాలుతుంటే, "ఒంటెకి... చేతులు... చేతులెక్కడివి..." అంటూ కుర్చీలోంచి జారింది. అరగంట పైన అయ్యాక ఆవిడ నోటినుంచి వచ్చిన మొదటి మాటలవి. టైలరమ్మ బెంచీ మీద పక్కకి ఒరిగిపోయింది, తువ్వాలు జారింది, రంగు గోడకంటుకుంది.

అత్త నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. పళ్ళ మధ్య దారం లేకుండా ఆ నోటిలో మాట లేకపోవడం నేను పుట్టాక అదే మొదటిసారి చూడటం.

చివరికి గొంతు సవరించుకుని, నా ఒక్కదానికే వినబడేలా అడిగింది. "మొదట్నుంచీ తెలుసటే నీకు, అన్నీ కోతలని?"

"బల్లి తప్ప."

"మరి అడగొచ్చుగా? ఇంటర్వ్యూ ఉందన్నావు, టైమవుతోంది, 'తర్వాత తర్వాత' అని ఎగదోస్తావేమిటి?"

"నీ కథ అయిపోతే నేను వెళ్ళాలి కదత్తా."

అత్త నా వంక చూసింది. నవ్వుతున్న ఆ ఇద్దరినీ చూడలేదు, గడియారాన్నీ చూడలేదు. ఒక కనుబొమ్మతో, లాగి పట్టుకున్న కన్నుతో ఉన్న నా మొహం వంకే చూసింది. మోకాళ్ళు కుర్చీకి ఆనించి దగ్గరకొచ్చి, దారం కొస తెంపి, పళ్ళ మధ్య పెట్టుకుంది. గడ్డంతో సైగ చేసింది, గట్టిగా పట్టుకోమని.

సర్రుమంది. నా కళ్ళవెంట నీళ్ళొచ్చాయి, కనుబొమ్మలు తీస్తే ఎవరికైనా వస్తాయి. ఆమె ఆగలేదు. పైన నాలుగు వరసలు, కింద ఆరు, కొసన రెండు. మామూలుగా నాలుగు నిమిషాలు పట్టే పని రెండున్నరలో అయిపోయింది. టైలరమ్మ మధ్యలో ఏదో అడిగింది గానీ అత్త పలకలేదు. పౌడర్ అద్ది, దూదితో తుడిచి, కుర్చీని అద్దం వైపు తిప్పింది.

రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

అప్పుడు తీసింది దారం నోట్లోంచి.

"లోపల ఎంతమందుంటారట?"

"ముగ్గురు."

"ముగ్గురూ కలిసి ఎంతసేపు మాట్లాడతారు?"

"తెలీదు. పది నిమిషాలేమో."

"పది నిమిషాలు." అత్త నా మెడ చుట్టూ కట్టిన గుడ్డ విప్పి ఒక్క దులుపు దులిపింది. "ఇరవై ఏళ్ళుగా ఈ వీధిలో ఒక్కరూ నా నోరు మూయించలేకపోయారు. మీ మావయ్య వల్ల కాలేదు. మీ నాన్న వల్ల కాలేదు. నువ్వు ఒక్క ముక్క అడిగి మూయించావు. నా నోరే మూయించినదానివి, ఆ ముగ్గురూ నీకో లెక్కా? పది నలభై ఎనిమిదయింది, లే, నడు!"

చెప్పులు తొడుక్కునే టైము లేక చేత్తో పట్టుకుని, రెండు కనుబొమ్మలతో వీధిలోకి పరుగెత్తాను.